తక్కువ బడ్జెట్‌లో, వేసుకున్నట్టు తెలియని మేకప్: నా బ్యాగులోని వస్తువుల రివ్యూ

ముందే చెప్పేస్తాను. కొత్తగా మేకప్ మొదలుపెడుతున్నారు, చేతిలో డబ్బులు తక్కువ అనుకుంటే మొహమంతా పూసే ఫౌండేషన్ జోలికి వెళ్లకండి. ఆ డబ్బు పెట్టి మీ రంగుకి అచ్చంగా కలిసిపోయే ఒక్క కన్సీలర్ (మచ్చల్ని, నలుపుని కప్పేది) కొనండి. మిగతావి ఎంత చవకవైనా నడిచిపోతాయి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేసినా పెద్ద నష్టం లేదు.

నా మొహం సంగతి తెలిస్తే గానీ నా మాట మీకు ఎంతవరకు పనికొస్తుందో తేలదు. ఛామనఛాయ, అందులోనూ పసుపు వైపు మొగ్గు. ముక్కు, నుదురు మధ్యాహ్నానికల్లా జిడ్డు కారతాయి, బుగ్గలు మామూలే. ఎడమ బుగ్గ మీద పాత మొటిమల మచ్చలు గుంపుగా ఉన్నాయి. కంటి కింద నలుపు మా ఇంట్లో అందరికీ ఉంది, ఎంత నిద్రపోయినా తగ్గేది కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి కళ్లద్దాలు. అద్దం ముందు అరగంట నిలబడే ఓపిక లేదు. "మేకప్ బాగా వేసుకున్నావ్" అని ఎవరైనా అంటే నా లెక్కలో అది ఫెయిల్. "ఈమధ్య బాగున్నావే" అంటే పాస్.

కంపెనీల పేర్లు రాయడం లేదు. చవక రకాల్లో షేడ్ల నంబర్లు, లోపలి సరుకు తరచూ మారిపోతుంటాయి. పైగా నా షేడ్ మీకు పనికిరాదు. డబ్బా మీద ఏం చూడాలో తెలిస్తే ఎక్కడ ఏ కంపెనీ దొరికినా కొనుక్కోవచ్చు.

కన్సీలర్ దగ్గర మొదలుపెడతాను. నాది చిన్న ట్యూబు, మూతకే అంటుకుని ఉండే స్పాంజి పుల్ల. లిక్విడ్, మరీ గట్టిగా కప్పేయని రకం, మెరుపు లేకుండా ఎండిపోయే మ్యాట్ కాదు. దీనికి పదికి తొమ్మిది. దీన్ని మొహమంతా పులమకపోవడంలోనే అసలు కిటుకు ఉంది. చర్మం చర్మంలా కనపడుతుంటే, సన్నటి గుంతలు, వెంట్రుకలు, రెండు మూడు పుట్టుమచ్చలు అలాగే ఉంటే, చూసే కన్ను దాన్ని మేకప్ అనుకోదు. మొహమంతా ఒకే రంగు పూస్తే ఎంత ఖరీదైన ఫౌండేషన్ అయినా గోడకి సున్నం కొట్టినట్టే. బాగా వేయడం వచ్చినవాళ్లు పల్చగా లాగి నెట్టుకొస్తారు. మొదటిసారి వేసుకునేవాళ్ల చేతికి ఆ పల్చదనం అంత త్వరగా రాదు.

షేడ్ ఎంచుకోవడమే కష్టం, అక్కడ మాత్రం తొందరపడొద్దు. చాలామంది చేతి మీద గీసి చూస్తారు. చేయి, మొహం ఒకే రంగులో ఉండేది ఎంతమందికి? దవడ ఎముక మీద, మెడలోకి కొంచెం దిగేలా మూడు షేడ్లు పక్కపక్కన గీయండి. షాపులో లైట్ల కింద అన్నీ బాగానే ఉంటాయి, కాబట్టి బయటికి వచ్చి పగటి వెలుతురులో చూడాలి. వెంటనే చూస్తే కూడా చాలదు. కొన్ని రకాలు గాలికీ జిడ్డుకీ పావుగంటలో ఒక మెట్టు ముదిరిపోతాయి. ఆగి చూశాక ఏ గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే అదే మీ షేడ్. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే, మచ్చల కోసమైతే కాస్త ముదురుది తీసుకోండి. లేతది పెడితే మచ్చ దాగదు సరికదా, దాని చుట్టూ తెల్లటి వలయం కట్టి వేలెత్తి చూపిస్తుంది.

షేడు ముదురు, లేత అన్న లెక్క ఒకటైతే, పసుపు, ఎరుపు అన్న లెక్క ఇంకొకటి. చవక రకాల్లో ఎక్కువగా బెడిసికొట్టేది రెండోదే. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో సీఐ 77491, 77492, 77499, 77891 అని కనపడుతుంది. వరసగా ఎర్ర ఐరన్ ఆక్సైడ్, పసుపు ఐరన్ ఆక్సైడ్, నల్ల ఐరన్ ఆక్సైడ్, తెల్లటి టైటానియం డయాక్సైడ్. చవక ట్యూబులోనూ ఇవే, ఖరీదైన దాంట్లోనూ ఇవే. లేత గోధుమ నుంచి ముదురు గోధుమ దాకా దాదాపు ఏ షేడైనా ఈ నాలుగూ రకరకాల పాళ్లలో కలిపినదే. కాబట్టి రంగు పొడి కోసం ఎక్కువ డబ్బు పోయక్కర్లేదు. తేడా వచ్చేది వాటిని ఎంత మెత్తగా నూరారు, దేంట్లో కలిపారు, ఎన్ని షేడ్లు చేశారు అన్న చోట. 2017లో ఫెంటీ బ్యూటీ అనే మేకప్ కంపెనీ ఒకేసారి 40 షేడ్ల ఫౌండేషన్‌తో వచ్చాక మిగతా కంపెనీలూ షేడ్లు పెంచాయి. అయినా చవక వరసల్లో ముదురు రంగుల వాళ్లకి ఇప్పటికీ దొరికేవి తక్కువే. ఆ దొరికేవాటిలోనూ కొన్నింట్లో తెల్ల పొడి ఎక్కువై మొహం బూడిద రంగుకి తిరుగుతుంది. నా చేతిలో "అన్ని రంగుల చర్మానికీ సరిపోతుంది" అని రాసిన ఒక బీబీ క్రీమ్ (రంగు కలిపిన పల్చటి క్రీమ్) ఉంది. ఎవరికి సరిపోతుందో తయారుచేసినవాళ్లకే తెలియాలి. నా మొహం మీద మాత్రం జ్వరం వచ్చి తగ్గినట్టు ఉంది. కలపగా కలపగా సర్దుకుంటుందేమో అని చూశాను, సర్దుకోలేదు.

ఇక వేసుకోవడం. ఇది నెమ్మదిగా చదవండి. పుల్ల చివర ఉన్నంతే, మచ్చ మీద చుక్క. మచ్చ మీద మాత్రమే, చుట్టూ కాదు. పెట్టి వదిలేయాలి. అది కాస్త ఆరి అంటుకునే లోపు కనుబొమల పని చూసుకోవచ్చు. తర్వాత ఉంగరం వేలితో చుక్క మధ్యలో ముట్టుకోకుండా అంచుల్ని మాత్రమే తట్టాలి. రుద్దితే పోతుంది, తడితే కలుస్తుంది. మధ్యలో కప్పినది కప్పినట్టే ఉంటుంది, అంచులు చర్మంలో కరిగిపోతాయి. ఆరకముందే తట్టేస్తే సరుకంతా వేలికి వచ్చేసి మచ్చ మళ్లీ బయటపడుతుంది. "ఈ కన్సీలర్ ఏమీ కప్పడం లేదు" అని తిట్టే చాలామంది దగ్గర లోపం ఈ తొందరే.

కంటి కింద ఇంకో పద్ధతి. వీడియోల్లో తలకిందులు త్రికోణం గీసి నింపుతారు. అది కెమెరా కోసం. మామూలు వెలుతురులో దగ్గరగా చూస్తే నవ్వగానే ఆ సరుకంతా సన్నటి గీతల్లో చేరుతుంది. అద్దంలో గడ్డం కొంచెం దించి చూడండి, ముక్కు పక్కన కంటి లోపలి మూల దగ్గర నీడ ఎక్కువగా ఉంటుంది. అక్కడో చుక్క, బయటి మూలలో ఇంకో చుక్క, అంతే. నలుపు మరీ నీలంగా, ఊదాగా ఉంటే మామూలు కన్సీలర్ ఎంత వేసినా బూడిద రంగే మిగులుతుంది, ఎందుకంటే నీలాన్ని కొట్టేది నారింజ రంగు. ఛామనఛాయ వాళ్లకి పీచ్, ఇంకా ముదురు రంగు వాళ్లకి నారింజ వైపు ఉన్న కరెక్టర్ కింద పల్చగా వేస్తే పైన కన్సీలర్ సగమే పడుతుంది. ఇది తప్పనిసరి అనను. నేను వారంలో చాలా రోజులు నలుపుని దాని మానాన వదిలేస్తాను.

కళ్లద్దాల వాళ్లకి ఒక మాట. ముక్కు మీద అద్దాలు ఆనే రెండు చోట్లా కన్సీలర్ రాయకండి. సాయంత్రం అద్దాలు తీస్తే అక్కడ రెండు గుంటలు పడి మొత్తం బండారం బయటపడుతుంది. అద్దాల ఫ్రేము నీడే కంటి కింద కొంత దాచేస్తుంది, ఆ సాయం ఊరికే వదులుకోవడం ఎందుకు?

రెండో మంచి కొనుగోలు, బుగ్గలకీ పెదాలకీ పనికొచ్చే క్రీమ్ స్టిక్. పదికి ఎనిమిదిన్నర. బుగ్గలకి రంగు ఇచ్చే బ్లష్ ఎందుకులే అని వదిలేసేవాళ్లు ఎక్కువ. కానీ మొహంలో కళ వచ్చేది దాని వల్లే. ఛామనఛాయ మీద లేత గులాబీ రంగు సుద్దలా తేలుతుంది, అదీ తెల్ల పొడి పుణ్యమే. ఇటుక రంగు, ముదురు గులాబీ, నేరేడు రంగు అయితే స్టిక్‌లో చూడటానికి భయపెడతాయి గానీ బుగ్గ మీద కలిసిపోతాయి. నవ్వితే ఉబ్బే చోట పెట్టమని చెబుతారు. నవ్వు ఆపగానే అది కిందికి జారి మొహం వేలాడినట్టు కనపడుతుంది. మామూలు మొహంతో, చెంప ఎముక పైన, కంటి నల్లగుడ్డుకి బయటివైపు రెండు చుక్కలు పెట్టి చెవి వైపు పైకి తట్టండి. స్టిక్‌ని నేరుగా బుగ్గకి రాస్తే కింద వేసిన కన్సీలర్ లేచిపోతుంది, వేలికి రాసుకుని తట్టడమే నయం.

అదే కొనే స్తోమత లేకపోతే, ఉన్న క్రీమీ లిప్‌స్టిక్కే బుగ్గకి వాడుకోవచ్చు, ఏం ఫర్వాలేదు. లిక్విడ్ మ్యాట్ లిప్‌స్టిక్‌తో మాత్రం వద్దు, కలిపేలోపే ఎండి మరకై కూర్చుంటుంది. కనురెప్పల మీద కూడా అదే లిప్‌స్టిక్ రాసేస్తుంటారు, అక్కడ ఆగండి. లిప్‌స్టిక్‌లలో ఉండే రెడ్ 6, రెడ్ 7 లాంటి రంగులకి కంటి చుట్టూ వాడటానికి అమెరికాలో మందుల్నీ మేకప్ రంగుల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ అనుమతి లేదు. రెప్పలకి రంగు కావాలంటే కళ్లకి వాడొచ్చని రాసి ఉన్నది చూసుకోండి.

పెదాలకి ఆ స్టిక్కే వేలితో అద్దుకుంటే సరి. గీత గీసినట్టు అంచు లేకుండా ఉంటే సొంత రంగులాగే ఉంటుంది. తిన్నాక పోతుంది, మళ్లీ అద్దుకుంటాం. రోజంతా ఉండాలంటే నీళ్లలా ఉండే లిప్ టింట్ ఉంది గానీ పొడిబారిన పెదాల మీద అది పగుళ్లలోకి ఎక్కి మచ్చలు మచ్చలుగా కనపడుతుంది. నాకు నచ్చలేదు. పదికి ఐదు.

కనుబొమల పెన్సిల్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. జుట్టు నల్లగా ఉన్నా పెన్సిల్ నలుపు కొనకండి, ముదురు గోధుమ, అందులోనూ ఎరుపు లేనిది. ఖాళీ ఉన్నచోట వెంట్రుకలంత సన్నగా గీసి, కడిగి ఆరబెట్టిన పాత మస్కారా బ్రష్‌తో పైకి దువ్వితే పని అయిపోతుంది. ఆ బ్రష్ విడిగా కొనడం దండగ. చవక పెన్సిల్‌కి పదికి ఎనిమిది, చెక్కుకునేది అయితే ఇంకా మేలు, తిప్పే రకం కంటే చాలాకాలం వస్తుంది.

మస్కారాలో చవక, ఖరీదు తేడా నాకైతే తెలియలేదు. తెలిసేది బ్రష్‌లో. రెప్పవెంట్రుకలు పొట్టివైతే సన్నటి బ్రష్ తీసుకోండి, లావుది రెప్పకి రంగు అంటించేస్తుంది. బయటికి తీశాక మూతి అంచుకి గానీ టిష్యూకి గానీ ఒకసారి తుడిచి, వెంట్రుకల మొదళ్ల దగ్గర అటూ ఇటూ కదిలించి పైకి లాగాలి. ఒక్క పూతే. రెండోది పడితే ఉండలు కట్టి, వేసుకున్నట్టు తెలిసిపోతుంది. కింది రెప్పలకి నేను వేయను, కళ్లద్దాలకి మరకలు పడతాయి. ట్యూబులో బ్రష్‌ని పంపు కొట్టినట్టు ఆడించడం చాలామందికి అలవాటు. గాలి లోపలికి పోయి త్వరగా ఎండుతుంది. కంటి డాక్టర్లు దీన్ని మూడు నెలలకోసారి మార్చమంటారు. అందుకే మస్కారా చిన్న సైజుది కొనడమే లాభం. పెద్దది సగం ఉండగానే పారేయాల్సి వస్తుంది.

పౌడర్, మొహమంతా కాదు. ముక్కు పక్కలు, నుదురు మధ్య, అద్దాలు ఆనే చోటు. బుగ్గల మెరుపు బుగ్గలకి వదిలేయండి, అది పోతే కష్టపడి చేసిందంతా పొడిపొడిగా మారుతుంది. క్రీమ్ రకాలన్నీ అయ్యాకే పౌడర్. పౌడర్ మీద క్రీమ్ రాస్తే అట్టలు కడుతుంది. "ట్రాన్స్‌లూసెంట్" అని, అంటే మొహం మీద రంగు కనపడదని అమ్మే తెల్ల పౌడర్లలో సిలికా ఎక్కువగా ఉన్నవి అద్దంలో కనపడవు గానీ ఫ్లాష్ పడితే ఫొటోలో కంటి కింద తెల్లగా వెలుగుతాయి. కొన్నాక ఇంట్లోనే ఒకసారి ఫ్లాష్ వేసి ఫొటో తీసుకుని చూడండి. నేను అలా తీసుకున్న ఫొటో చూసి మా చెల్లి, "అక్కా, ఇది నువ్వా, పిండి మర ఓనరా?" అంది. ఆ పౌడర్ ఇప్పుడు దాని దగ్గరే ఉంది, ఏం చేసుకుంటోందో అడగలేదు.

వీటన్నిటి కిందా సన్‌స్క్రీన్ ఉంటుంది. దాన్ని మేకప్ ఖర్చులో వేయడం అన్యాయమే అయినా బడ్జెట్ ఒకటే కదా. మేకప్ డబ్బాల మీద రాసే ఎస్‌పీఎఫ్‌ని, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకెని, నమ్ముకోకండి. ఆ అంకె చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలిచింది. అంత మందంగా ఎవరూ మేకప్ వేసుకోరు, వేసుకోకూడదు కూడా. విడిగా ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది రాసుకుంటే ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతం ఆగుతాయి. రంగు కలిపిన సన్‌స్క్రీన్ మీ షేడ్‌లో దొరికితే ఇంకా మంచిది, అందులోని ఐరన్ ఆక్సైడ్లు మామూలు వెలుతురుని కూడా కొంత ఆపుతాయి. మచ్చలు ముదిరే రకం చర్మానికి ఆ సాయం చాలా అవసరం. పైగా మొహం కాస్త ఏకరంగుగా కనపడి కన్సీలర్ పని తగ్గుతుంది. రాశాక కాసేపు ఆగకుండా మేకప్‌కి దిగితే మాత్రం రబ్బరు పొట్టులా ఉండలు రాలతాయి. అలా రాలితే రెండిట్లో ఏదో పనికిరానిదని తీర్మానించేయకండి. ముందు ఆగి చూడండి, తర్వాత తక్కువ రాసి చూడండి, అప్పుడూ రాలితే ఆ రెండిటికీ పడదని అర్థం.

బ్రష్‌ల సెట్టు కొనమని అందరూ చెబుతారు. నేను చెప్పను. వేళ్ల వేడికి క్రీమ్ రకాలు కరిగి చర్మంలో కలుస్తాయి, చేతులు కడుక్కుని దిగితే చాలు. పౌడర్‌కి ఒక మెత్తటి బ్రష్ ఉంటే మంచిదే. స్పాంజి తీసుకుంటే నీళ్లలో ముంచి, గట్టిగా పిండి వాడాలి, పొడిది వాడితే సగం కన్సీలర్ అదే తాగేస్తుంది. తడి స్పాంజిని మూత పెట్టిన డబ్బాలో దాచితే లోపల బూజు పట్టడం ఖాయం, బయటికి కనపడదు కూడా. వాడాక ప్రతిసారీ సబ్బుతో కడిగి గాలికి ఆరబెట్టే ఓపిక ఉంటేనే కొనండి.

దండగ ఖాతాలో వేసినవి చెప్పాలంటే, పదుల రంగుల ఐషాడో పాలెట్ (వాడేది రెండు గోధుమ రంగులే), నీడలు గీసి మొహం సన్నగా చూపించే కాంటూర్ కిట్, మేకప్‌కి ముందు రాసే ప్రైమర్. ప్రైమర్ చాలావరకు సిలికోన్, అంటే డైమెథికోన్ లాంటిది. సన్‌స్క్రీన్‌లోనే అది ఉంటే మళ్లీ విడిగా దేనికి? మేకప్ నిలవడానికి చివర్లో కొట్టే సెట్టింగ్ స్ప్రే మీద నాకు పెద్ద కోపం లేదు, పెద్ద ప్రేమా లేదు.

చవక అంటే నకిలీ కాదు, ఆ రెండూ కలిపేయొద్దు. పేరున్న కంపెనీది నమ్మలేనంత తక్కువకి దొరుకుతుంటే డబ్బా మీద బ్యాచ్ నంబరు, తయారీ వివరాలు, పదార్థాల జాబితా చూడండి, ఏది లేకపోయినా వదిలేయండి. అలాంటిదాని కంటే పేరు లేని అసలు సరుకు నయం. వెనక మూత తెరిచిన డబ్బా బొమ్మ పక్కన 6ఎం, 12ఎం అని ఉంటుంది, తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో అది. షాపులో రాసి చూడటానికి పెట్టే టెస్టర్లని పెదాలకీ కళ్లకీ ఎప్పుడూ ముట్టించకండి. కొత్తది ఏది తెచ్చినా ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒకట్రెండు రోజులు చూడండి, దురద వస్తే మొహం దాకా పోనివ్వొద్దు.

డబ్బు మిగిలితే అది పెట్టాల్సింది మేకప్ తీసే సరుకు మీద. క్లెన్సింగ్ బామ్ గానీ ఆయిల్ గానీ, పొడి మొహం మీద రాసి, నీళ్లు తగిలించి తెల్లగా పాలలా మారాక కడిగేసి, ఆపైన మామూలు ఫేస్‌వాష్. తడి మొహం మీద నూనె రాస్తే మేకప్ సరిగా కరగదు, అందుకే చాలామంది అది పనిచేయదంటారు. తడి వైప్స్‌తో రుద్దుకోవడం నాకు అసలు పడదు. కళ్ల చుట్టూ లాగి లాగి ఎర్రబడుతుంది, మస్కారా సగం అక్కడే ఉంటుంది. వాటర్‌ప్రూఫ్ మస్కారా అయితే దూదికి ఆ ఆయిలే అద్ది రెప్ప మీద కాసేపు ఆనించి ఉంచి కిందికి తుడవాలి. ఈ గొడవ ఎందుకనుకునేవాళ్లు వాటర్‌ప్రూఫ్ మానేసి, గోరువెచ్చని నీళ్లకి గొట్టాల్లా ఊడివచ్చే ట్యూబింగ్ మస్కారా చూడండి. కొంచెం ఖరీదే, నా ట్యూబు అయిపోగానే నేను కొనబోయేది అదే.